ఒకటో చానెల్లో ఆగిపోయిన నా జవాబు గురించి

గౌరవనీయులైన ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, కాజీపేట వాస్తవ్యుడు, రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ విన్సెంట్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పదిహేడు ఇసుక లారీలను నిలబెట్టిన కారణముగా తమరు స్వాధీనపరచుకొనిన పాత వైర్‌లెస్ సెట్లు రెండింటిని, నా భార్యకు ఒక జవాబు చెప్పుకొనుటకై తిరిగి ఇప్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ముప్పై ఆరేళ్లు రైల్వేలో పనిచేసి నాలుగేళ్ల క్రితం రిటైరైతిని. ఊరికే ఉండలేక హామ్ రేడియో పరీక్ష వ్రాసి, సరదాకు వైర్‌లెస్‌లో మాట్లాడుకొనుటకు సర్కారు వారిచ్చే లైసెన్సు పొందితిని. నకలు జతపరచడమైనది. నా భార్య ప్రమీలకు లైసెన్సు లేదు. ఈ తప్పు ఒప్పుకొనుచున్నాను.

2. పాత సామాన్ల దుకాణంలో కారులో బిగించే సెట్టు ఒకటి, చేతిలో పట్టుకొనేది ఒకటి కొన్నాను. వాకిట్లో నిలిచియున్న మా తెల్ల మారుతికి పెద్ద సెట్టును నా చేతులతోనే బిగించాను. బ్యాటరీ నుండి ఫ్యూజు పెట్టి ఎర్ర తీగ లాగాను. నల్ల తీగను రంగు గీకకుండా బాడీకి బిగించినందున, మాట్లాడే మీట నొక్కినప్పుడల్లా వైపర్లు ఊగేవి. గీకి బిగించాక ఆగినవి. యాంటెన్నా కోసం కారు కప్పుకు వేసిన రంధ్రం నుండి వాన నీళ్లు సరిగ్గా ప్రమీల సీటు మీదనే పడుచున్నవి. ఇందులో నా ఉద్దేశమేమీ లేదు.

3. అసలు తప్పు ప్రోగ్రామింగులో జరిగినది. మా అన్న మనుమరాలు తేజస్వి ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి, పాత యజమాని చానెళ్లన్నీ చెరిపివేసి, నా లైసెన్సుకు చెల్లే చానెల్‌ను రెండో నంబరులో ఎక్కించాను. ఒకటో చానెల్ మాత్రం చెరగలేదు. అది పాతదే కదా, పడి ఉండనీ అనుకొని, అదే ఫైలును చేతిసెట్టులోకి కూడా ఎక్కించాను. సెట్టు ఆన్ చేస్తే ముందుగా ఒకటో చానెలే వస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ చానెల్ ఇసుక లారీల భానుచందర్ గారిదనీ, మేము మాట్లాడినదంతా వారి టవరెక్కి ప్రతి లారీలోనూ వినబడుచున్నదనీ మాకు తెలియదు. ఒకనాడు ప్రమీల వంటింట్లోని చేతిసెట్టులో, గ్యాస్ బండివాడికి చెప్పమని ఇంటి గుర్తులు చెప్పి, "కల్యామాకు అయిపోయింది, ఆ సందు మలుపు మీది దుకాణంల తీస్కరాండ్రి, ఓవర్" అన్నది. నేను మరిచితిని. గంటకు ఎవరో లారీ డ్రైవర్ కరివేపాకు కట్ట తెచ్చి గేటుకు తగిలించి పోయాడు. అప్పుడైనా అనుమానం రావలసింది.

4. "వాకిట్ల నుంచి వంటింట్లకు వైర్‌లెస్ ఎందుకయ్యా?" అని తమరు సెట్లు పట్టుకొన్న నాడు నవ్వితిరి. నేను డ్యూటీల మీద బతికిన మనిషిని. ఆమె లేచే వేళకు నేను పడుకొనేవాడిని. రిటైరయ్యాక ఎదురుగా కూర్చుంటే, ఆమె ఒక మాట మొదలుపెట్టగానే నేను మూడు మాటలు అడ్డం వేసేవాడిని. వైర్‌లెస్‌లో అట్లా కుదరదు. అవతలివారు 'ఓవర్' అనేదాకా నోరు మూసుకొని ఉండవలసిందే. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమె మాటలు చివరిదాకా విన్నాను. చాలా బాగా మాట్లాడుతుందని అప్పుడే తెలిసింది.

5. పోయిన నెల పద్నాలుగున మధ్యాహ్నం కారులో కూర్చొని ఉండగా సెట్టులో ఒక గొంతు, "సార్, సదానందాన్ని. ములుగు రోడ్డు మీద పదిహేడు బండ్లున్నై. ఊర్లకు రావాల్నా?" అని అడిగింది. వారి ఆఫీసు మనిషి భోజనానికి పోయి కునుకు తీసినట్టు తరువాత తెలిసింది. ఆ ప్రశ్న వినగానే నాకు తెలియకుండానే నోరు తెరుచుకొన్నది. "లైన్ క్లియర్ లేదు. ప్రైవేట్ నంబర్ చెప్పండి" అన్నాను. లైన్ క్లియర్ అంటే బండి రావచ్చుననే అనుమతి. రైల్వేలో ఒక స్టేషన్ సందేశం రెండో స్టేషన్‌కు చేరిందనడానికి, విన్న మాస్టరు తన దగ్గరి నంబర్ల కాగితంలోని రెండంకెల నంబరు ఒకటి చెప్పాలి. అది చెప్పనిదే సందేశం అందనట్టే.

"గదేం నంబర్ సార్? మా సేటు ఎన్నడు అడగలే."

"అయితే అక్కడే ఆగండి."

ఆగారు. రెండు గంటల నలభై నిమిషాలు కదలలేదు. నా సర్వీసులో ఏ గూడ్సు డ్రైవరూ ఇంత క్రమశిక్షణ చూపలేదు.

6. వంటింట్లో ప్రమీల ఇదంతా విన్నది. లారీలు ఇంకా నిలిచి ఉండగానే సెట్టులో ఆమె గొంతు వచ్చింది. "ఆనాడు గూడ గిట్లనే నంబర్ చెప్పిన్రట. మన పసిబిడ్డ పోయిందని కంట్రోల్ ఫోన్ల చెప్తే, నంబర్ చెప్పి, గూడ్సు బండికి లైన్ ఇచ్చిన్రట. ముప్పై ఎనిమిదేండ్ల సంది అడుగుదామనుకుంటాన. ఆనాడు మీరు ఏడ్చిన్రా? ఓవర్."

పదిహేడు లారీలూ విన్నవి. నేను మీట నొక్కాను. అంతలో, కరివేపాకు తెచ్చిన డ్రైవర్ చెప్పిన గుర్తుల మీద తమరి జీపు గేటు ముందు ఆగింది.

7. నోటితోనే చెప్పవచ్చు గదా అని తమరు అనవచ్చు. మూడుసార్లు ప్రయత్నించితిని. ఎదురుగా కూర్చుంటే కూర సంగతి, కరెంటు సంగతి మాట్లాడి లేచిపోతున్నాను. సదానందం ఇప్పటికి రెండుసార్లు ఇంటికొచ్చి, "సార్, మా బండ్లోల్లంత అడుగుతాండ్లు. అమ్మకేం చెప్పిన్రు?" అన్నాడు. అతనికీ టీ ఇచ్చి పంపాను.

8. కావున ఆ జవాబును తమ రికార్డు కొరకు ఇందులోనే వ్రాయుచున్నాను. ఏడ్చాను సార్. సందేశం నిబంధన ప్రకారం తిరిగి చదివి వినిపించాను, నంబరు చెప్పాను, టైము 14:20 అని రాసుకున్నాను. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆ బొగ్గు గూడ్సుకు పచ్చజెండా చూపిస్తూ ఏడ్చాను. ఆఖరి వ్యాగన్ పోయేదాకా ఏడ్చాను. నా బదులు డ్యూటీకి రిలీఫ్ మాస్టరు వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంటికి పోతే ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పాపకు పేరు కూడా పెట్టలేదు.

కాబట్టి తమరు దయతలచి, ఒకటో చానెల్‌ను తమ ఎదుటనే మార్పించి, సెట్లు ఇప్పించగలరు. ప్రమీల లైసెన్సు పరీక్షకు చదువుచున్నది. ఈ మనవి తమకు అందినట్టు ఏదైనా రెండంకెల నంబరు ఒకటి వ్రాసి పంపించవలెను.

ఇట్లు, లైన్ క్లియర్ కోసం వేచియున్న
తమ విధేయుడు
విన్సెంట్

తా.క.: అయ్యా, నేను ప్రమీలను. ఆయన చేతిరాత ఎవ్వరికీ తెల్వదని ఈ సాపు కాగితం నాతోని రాయిస్తాండు. ఎనిమిదో నంబరు కాడ కాగితం తడిసింది, జర మాఫ్ చెయ్యిండ్రి, మల్లా రాసే ఓపిక లేదు. మీ నంబర్ తర్వాత పంపుండ్రి, ముందుగాల నాది రాసుకోండ్రి. సందేశం అందింది. ప్రైవేట్ నంబర్ 38. సెట్లు మాత్రం తప్పక ఇయ్యిండ్రి. ఇగ మాట్లాడేది నా వంతు. ఓవర్.