లేవనని వేసిన ఒట్టు

హైదరాబాదు,
జూన్ 1938

ప్రియమైన అంతమ్మా,

నన్ను మా ఆడపిల్లల కాలేజీకి ప్రిన్సిపాల్ని చేశారు. చేవెళ్ల బోర్డింగు బడిలో నీ పక్కన చాప మీద పడుకున్న ప్రేమకు ఇప్పుడు పెద్ద బంగళా, వంటమనిషీ! నేను గదిలో అడుగు పెడితే చాలు, అందరూ లేచి నిలబడతారు. మొదటి రోజు గర్వంగానే ఉండింది. సాయంత్రం హాస్టలు భోజనాలకు వెళ్తే, అప్పటిదాకా నవ్వుతున్న పిల్లలంతా లేచి నోళ్లు మూసుకున్నారు. ఇంటికొచ్చి ఒక్కదాన్నే తిన్నాను.

నీ ప్రేమ

సురంగల్,
జులై 1938

ప్రేమా,

నీ ఉత్తరం చదివి మస్తు సంబరపడ్డ. నవ్వు గూడ వచ్చింది. మా ఇంట్ల నేనొస్తే కోడి గూడ లేవది! ఎంత పెద్దదానివైనా ఫికర్ చెయ్యకు. జర తీరిక చేసుకొని రా. నీకోసం నేను మాత్రం లేవ, ఒట్టు. అప్పటి లెక్క ఒక్క కంచంల తిందాం.

నీ అంతమ్మ

హైదరాబాదు,
ఫిబ్రవరి 1945

అంతమ్మా,

మన ఊరి కొత్త బడి తెరవడానికి పిలిస్తే, నగరపాలన చూసే బల్దియాలో సభ్యురాలిగా నాకున్న మీటింగు కూడా మానుకొని వచ్చాను. బడి కోసం కాదు, నీకోసం. చర్చి అయ్యగారు దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. కింద చాపల మీద ఆడవాళ్లలో నిన్ను వెంటనే గుర్తుపట్టాను. నన్ను చూసి నువ్వూ లేచావు. అందరూ కూర్చున్నా నువ్వు కూర్చోలేదు. ఒట్టు వేసినదానివి! ఆ తర్వాత ఏం ఉపన్యసించానో నాకే తెలియదు. భోజనం నా ఒక్కదానికే విడిగా గదిలో పెట్టారు. గండిపేట దాటేదాకా కారులో ఏడుస్తూనే ఉన్నాను. నన్ను కూర్చొని పలకరించే మనిషి ఇక ఎవరూ లేరు.

ఇట్లు,
ప్రేమమ్మ

సురంగల్,
మార్చి 1945

నా పిచ్చి ప్రేమా,

ఉత్తరం కింద ప్రేమమ్మ అని రాసినవ్, కోపమొచ్చింది. నేను మర్యాదకు లేవలే. చాప మీద నీకు జాగ చేద్దామని లేచిన. కూసుంటే నీకు కనపడనేమోనని నిలబడ్డ. 'కూసో అంతమ్మా' అని పక్కలోళ్లు కొంగు గుంజినా కూసోలే. నువ్వు కుర్చీ దిగొస్తవనుకున్న.

నువ్వు అన్నానికి పోయినప్పుడు కంచం పట్టుకొని గది కాడికొచ్చిన. 'అమ్మగారు తింటున్నరు, లోపలికి పోవద్దు' అన్నడు నీ డ్రైవర్ నర్సింహులు. 'అంతమ్మ ఏది?' అని ఒక్కమాట అడుగుతవేమోనని చెవులప్పగించి విన్న. అడగలే.

నీ కారు పోయినంక, ఆ కంచం ముందల పెట్టుకొని నేను గూడ ఒక్కదాన్నే తిన్న.

నీ అంతమ్మ