నీలం గుర్తు ఎలుకలు

మార్చి 3
అక్క సూదిలో దారం ఎక్కించలేకపోయింది. నలభై ఏళ్లు టైలరింగ్ చేసి నన్ను పెంచిన మనిషి! ఈ సూదికి బెజ్జమే లేదే బుడ్డీ అంది. పోనీలే, నేను బుడ్డినని ఇంకా గుర్తుంది.

మార్చి 9
రోజంతా ల్యాబ్‌లో మైక్రోగ్లియా లెక్కపెట్టాను. మెదడులో చెత్త ఊడ్చే కణాలు అవి. అల్జీమర్స్‌లో వాపంటే, ఊడ్చడానికి వచ్చిన మనిషి ఆవేశంలో గోడలు కూడా పడగొట్టడమే అని మేడమ్ కొత్తవాళ్లకి చెప్పింది. వాళ్లు నవ్వారు. మా అక్కకి అదే జబ్బు. నాకు నవ్వు రాలేదు.

అల్జీమర్స్ తెప్పించిన మా ఎలుకలు రెండు గుంపులు, ఎరుపు గుర్తువి, నీలం గుర్తువి. ఒక గుంపుకి వాపు తగ్గించే మందు, ఇంకోదానికి ఉత్త నీళ్లు. ఏది దేనికో మాకు చెప్పరు. అది రాసిన కవరు మేడమ్ బీరువాలో ఉంది.

మార్చి 15
ఈరోజు జ్ఞాపకశక్తి పరీక్ష. తొట్టి నీళ్లలో దాచిన మెట్టుని నీలం ఎలుకలు తిన్నగా వెళ్లి పట్టుకున్నాయి! ఎర్రవి తిరిగిన చోటే తిరుగుతున్నాయి. ఇంకా కవరెందుకు, పిచ్చి కాకపోతే? మందు నీలానికే. ఇరవై ఏళ్ల సర్వీసు నాది.

మార్చి 16
మెడికల్ షాపులో ఆ వాపు తగ్గించే రకం మాత్రలే కొన్నాను. అక్కకి ఎటూ ఉన్న మోకాళ్ల నొప్పులకన్నాను. అక్కకి పూటకొకటి. డాక్టరుకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

ఏప్రిల్ 2
దారం ఎక్కింది! జాకెట్టు వదులైంది, తిండి మానేశావా అని నన్ను తిట్టింది కూడా. ఏడ్చేశాను.

ఏప్రిల్ 11
కడుపు నొప్పంటోంది. తిండి పడలేదేమో. మాత్ర మానలేదు.

ఏప్రిల్ 14, ఉదయం 6
రక్తం కక్కుకుంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చాను.

మధ్యాహ్నం 2
కడుపులో పుండు పడిందట. ఏం మాత్రలు వాడుతోందని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆ మాత్రల వల్లే పుండు అని కాగితం మీద రాసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 19
రక్తం ఆగింది. అక్క బతికింది. కానీ నన్ను గుర్తుపట్టట్లేదు. ఏమ్మా నర్సూ, మా బుడ్డి బడి నుంచి వచ్చిందా అని నన్నే అడిగింది.

ఏప్రిల్ 23
కవరు విప్పారు. నీలానికి ఉత్త నీళ్లు. మందు ఎర్రవాటికి.

పనిచేయలేదు, ఇంకోటి చూద్దాం అంది మేడమ్. అందరూ టీకి వెళ్లారు. మరి ఆ దారం? మోకాళ్ల నొప్పి తగ్గి నాలుగు రోజులు నిద్రపట్టిందేమో. నా బుద్ధి గడ్డి తిన్నది. నా చేతులారా చేశాను.

ఏప్రిల్ 24
బుడ్డి వచ్చేసిందని అక్కకి చెప్పాను. అయితే ముందు దానికేమైనా పెట్టమ్మా, ఆకలికి ఆగలేదు అంది. పక్కనే కూర్చుని తిన్నాను.