ఉచిత సర్వరుకు ఖద్దరు కండువా

పొందూరు,
2 జూలై 2012

మన ఖద్దరు సంఘం మెయిల్ సర్వర్‌ని మీరు అటకెక్కించారు. మాటవరసకి అనడం లేదు, నిజంగానే ఎక్కించారు. నిన్న ఆదివారం నేను చర్చిలో ఉండగా, రాజాం నుంచి మీరు పంపిన కబురు పట్టుకుని వాచ్‌మన్ పోతురాజు నా బల్ల మీది కంప్యూటర్‌ని వైర్లు పీకి, నిచ్చెనేసి, పాత రాట్నాల పక్కన పెట్టాడు. పైన దుప్పటి కప్పాడు. ఈరోజు వచ్చి చూస్తే బల్ల ఖాళీ. దొంగలు పడ్డారనుకుని నేను కేకలేస్తే వాడు బీడీ ఆర్పకుండానే చెప్పాడు: "దొంగలేటి బాబూ, సెక్రటరీ గారే. ఎవులిచ్చారో తెలీని వస్తువు ఆపీసులో ఉండకూడదంట."

జగన్నాధం గారూ, మీరు సెక్రటరీ. కంటి ఆపరేషన్ అయి కూతురి ఇంట్లో ఉన్నారు. ఆ గౌరవంతోనే ఇంత నెమ్మదిగా రాస్తున్నాను.

కమిటీకి ఇచ్చిన కాగితంలో నేను అన్నీ వివరించాను. మళ్ళీ చెబుతాను. చిన్న ఆఫీసుకి ఉచితంగా దొరికే మెయిల్ దారులు మూడు చూశాను. మొదటిది, ఏదో పెద్ద కంపెనీ వాళ్ళ దగ్గర ఖాతా తెరుచుకోవడం. అలాగే తెరిచాం. పాత గుమస్తా ఉద్యోగం మానేసి పోతూ పాస్‌వర్డు కూడా పట్టుకుపోయాడు. ఎన్ని ఆర్డర్లు అందులో పడి ఉన్నాయో దేవుడికి తెలియాలి. రెండోది మన కంప్యూటర్‌లోనే పెట్టుకునే సర్వర్, కానీ మహా బరువు. ఎక్కించగానే మన ముసలి కంప్యూటర్ ఆయాసపడి ఆగిపోయింది. మూడోది తేలిక. పాత యంత్రం మీదా నడుస్తుంది, చిరునామా చివర మన సంఘం పేరే ఉంటుంది, తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. దాన్నే ఎంచుకున్నాను. నాకు ఏ కాలేజీ నేర్పలేదు. శ్రీకాకుళం నెట్ సెంటర్లో కూర్చుని నేర్చుకున్నాను.

ఇప్పుడు మనకి రాసిన ప్రతివాడికీ మెయిల్ తిరిగి వెళ్ళిపోతోంది. ఖద్దరు కొనేవాళ్ళు మన సంఘం మూతపడిందనుకుంటారు. కంప్యూటర్‌ని కిందికి దించమని పోతురాజుకి రాతపూర్వకంగా ఆజ్ఞ ఇవ్వండి. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు రావాలి.

స్టాన్లీ

తా.క.: ఫోన్ చేద్దామంటే ఆఫీసు విషయాలు మీరు ఫోన్లో మాట్లాడరట. మెయిల్ చేద్దామంటే అది అటక మీద ఉంది.

*

రాజాం,
5 జూలై 2012

చిరంజీవి స్టాన్లీకి జగన్నాధం దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. కంటికి ఇంకా పచ్చగుడ్డ ఉంది కనుక నేను చెబుతుంటే మా మనవరాలు శైలజ రాస్తోంది.

నాయనా, నీ కోపం చేరింది. నీ తాత ఏసుదానం కోపం కూడా ఇలాగే ఉండేది. మగ్గం బిగించమని పిలిస్తే ముందు మగ్గాన్ని తిట్టి, తరవాత మమ్మల్ని తిట్టి, ఆపైన ఉలి పట్టేవాడు.

నీకు సంఘం పద్ధతి తెలియదు. అది నీ తప్పు కాదు, చెప్పని తప్పు మాది. మన సంఘం ఎవరి దగ్గరా ఉత్తినే ఏదీ పుచ్చుకోదు. గాలివానకి షెడ్డు కప్పు లేచిపోయిన ఏడాది కోటబొమ్మాళి రైతులు బళ్ళ మీద తాటి దూలాలు పంపారు. అడగకుండానే పంపారు. మరుసటి వేసవికి ఒక్కో ఇంటికి ఒక్కో కండువా నేసి, మూల ఎర్రదారంతో ఇంటిపెద్ద పేరు కుట్టి, నేనూ మీ తాతా మోసుకెళ్ళి ఇచ్చాం. కండువా అందుకున్న ప్రతి ఇంట్లోనూ భోజనం పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు ఏసుదానం నడవలేక రైలు పట్టాల పక్కన పడుకుని, "బావా, ఇంకో ఊరు దూలాలు పంపితే నాను రానొరే" అన్నాడు. ఆ రోజులు వేరు. పదకొండింటికి టపా వచ్చేది. రాట్నాలు ఆగేవి. వరండాలో నేను పైకి చదివితే ఆడవాళ్ళు పక్కూరి వాళ్ళ ఉత్తరాలకి కూడా కళ్ళు తుడుచుకునేవారు.

అందుచేత, ఈ సర్వర్ ఉచితంగా ఇచ్చిన పెద్దమనిషి పేరు, ఊరు, తండ్రి పేరు రాయి. కండువా పంపి, ఆ తరవాత వాడుకుందాం. అంతవరకూ అది పరాయి సొత్తు. అలా కుదరదంటే విశాఖపట్నంలో ధనరాజ్ అనే ఆయన మెయిల్ అమ్ముతాడట. కొన్నదైతే మనదే, ఎవరికీ రుణపడం. కమిటీ కూడా అటే చూస్తోంది.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: స్టాన్లీ గారూ, ఇది శైలజ. తాతయ్య చెప్పినట్టే రాశాను. "వారికి కండువా వేసుకునే అలవాటుందా, లేక కోటు మనిషా" అని కూడా కనుక్కోమన్నారు.

*

పొందూరు,
9 జూలై 2012

మీరు నా ఉత్తరం చదివించుకున్నారే గానీ వినలేదు. పెద్దమనిషి లేడు! ఎవరో ఒకరు ఇచ్చింది కాదు. ఏయే దేశాల్లోనో తీరిక ఉన్నవాళ్ళు తలా కొంత ప్రోగ్రాం రాసి, కావలసినవాళ్ళు తీసుకోండని వదిలేశారు. ఊరి బయట నూతిలో నీళ్ళు తోడుకున్నట్టు. నూతికి కండువా కప్పుతామా?

సర్వర్‌తో పాటు రాసినవాళ్ళ పేర్ల కాగితం ఒకటి వస్తుంది. సుమారు రెండు వందల మంది. ఊళ్ళు లేవు, తండ్రుల పేర్లు అసలే లేవు. కొందరివి సొంత పేర్లు కూడా కావు. ఒకాయన "నైట్ ఫాక్స్" అని పెట్టుకున్నాడు. ఇంకొకాయన పేరు ఉత్త అంకె.

ధనరాజ్ సంగతి నాకు తెలుసు. ఆయన వస్తే మెయిల్ చూసుకునేది ఆయన మనుషులే, విశాఖలో కూర్చుని. అప్పుడు ఇక్కడ నా కుర్చీ ఎందుకు? ఆ మాట కమిటీలో ఒకాయన నా ముందే అన్నాడు. నా వెనక అన్నా బాగుండేది. మా అమ్మ లీలారాణి, నాకు ఆఫీసు ఉద్యోగం వచ్చిందని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు మళ్ళీ నిలబడి ఏమని చెప్పాలి?

సోమవారం లోపు అటక దిగాలి. సర్వర్ పైనా, నేను కిందా ఉండడం కుదరదు.

స్టాన్లీ

తా.క.: పోతురాజు రోజూ నిచ్చెనెక్కి దాని దుమ్ము దులుపుతున్నాడు. "పరాయి సొత్తు కదా బాబూ, జాగర్తగా సూడాల" అంటున్నాడు. మన సొంత ఫ్యాన్ దుమ్ము మాత్రం దులపడు.

*

రాజాం,
14 జూలై 2012

చిరంజీవి స్టాన్లీకి జగన్నాధం ఆశీస్సులు.

రెండు వందల మంది! ఆ సంగతి ముందే చెప్పొద్దూ? ఇచ్చింది ఒక్కడేననుకుని నేను ఒక్క కండువాకి మాత్రమే నూలు తీయించాను. నీ ఉత్తరం వినగానే కబురు పెట్టాను. మన రాట్నాల గున్నమ్మ ఆధ్వర్యంలో ఆడవాళ్ళు పత్తి దువ్వడం మొదలెట్టారు. ఈ పనికి అచ్చమైన సన్ననూలే వాడాలని, ముఖం చూడని వాళ్ళకి ముతకది పంపితే సంఘం పరువు పోతుందని గున్నమ్మ పట్టుబట్టింది. చాలా ఏళ్ళకి మగ్గాల దగ్గర అంత సందడి విన్నానని కబురు తెచ్చిన బస్సు కండక్టరు కూడా అన్నాడు.

ఇప్పుడు సందేహాలు. ఆ పేర్లలో ఆడవాళ్ళెవరో తెలియాలి. ఆడవాళ్ళకి కండువా పంపం, రవికెల గుడ్డ పంపుతాం. అంకె పేరున్న ఆయనకి మూల ఆ అంకెనే కుడితే అది ధర అనుకుంటాడేమో, అడిగి రాయి. నువ్వు నూతి మాట అన్నావు. నాయనా, నుయ్యి తవ్వినవాడు ఒకడుంటాడు.

ఇవన్నీ నేసి పంపేసరికి సంక్రాంతి దాటొచ్చు. సర్వర్ ఎక్కడికీ పోదు. తొందరెందుకు?

ఇట్లు,
జగన్నాధం

తా.క.: శైలజ రాయునది. "నైట్ ఫాక్స్ గారికి పెళ్ళయిందా? అయితే జంటగా పంపాలి" అని అడగమన్నారు. ఆ పేరుకి రాత్రి నక్క అని అర్థం చెప్పాను. "అయితే ఏం, మన వాచ్‌మన్ పేరు పోతురాజు కాదా" అన్నారు.

*

పొందూరు,
6 ఆగస్టు 2012

మీరు నా పరువు ప్రపంచం ముందు తీయించారు. ఎలాగో వినండి.

మీ నోరు మూయించాలని, క్షమించండి, మీ సందేహం తీర్చాలని నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆ సర్వర్ రాసేవాళ్ళందరికీ కలిపి ఒక మెయిల్ పెట్టాను. "మా సెక్రటరీ మీకు రెండు వందల కండువాలు నేయిస్తున్నారు, మీలో ఆడవాళ్ళెవరు, పెళ్ళయినవాళ్ళెవరు" అని. ఎవడూ జవాబివ్వడని ధైర్యం. మర్నాటికి ముప్పై జవాబులు! నైట్ ఫాక్స్‌కి పెళ్ళి కాలేదు. ఆయన వాళ్ళమ్మకి కావాలట. ఒక ముసలాయన మాత్రం నిదానంగా రాశాడు: మాకు వస్తువులు వద్దు, ఏదైనా తిరిగి ఇవ్వాలనుంటే మీ భాషలో మా సర్వర్ తెర మీద ఒక్క మాట కూడా లేదు, ఆ మాటలు రాసివ్వండి, అందరూ వాడుకుంటారు అని.

అది మీకు చెప్పకుండా నేనే చేసేద్దామనుకున్నాను. ఆ మాటలన్నీ కాగితం మీద దింపుకుని వరండాలో కూర్చున్నాను. గున్నమ్మ చేప దవడ పళ్ళనే దువ్వెనగా పట్టుకుని పత్తి దువ్వుతూ, "ఏటి బాబూ, కాయితం పట్టుకుని దెయ్యం పట్టినట్టు గొణుగుతన్నావు?" అంది. చెప్పాను. అక్కర్లేని మెయిళ్ళు పోయి పడే గదికి ఏం పేరు పెట్టాలో తోచడం లేదన్నాను.

"అక్కర్లేనివేటి సేత్తారు?"

"సర్వర్ ఏరి పక్కన పడేస్తుంది."

"పత్తిలో నలకలేరినట్టే గదేటి! నలకలని రాయి."

రాశాను. అక్కడితో ఆగారా? అందరూ రాట్నాలు ఆపేశారు. మెయిల్ తెరుచుకునే లోపు కనబడే మాటకి నేను "దయచేసి వేచియుండుడు" అని రాసుకున్నాను. చదివితే పడీపడీ నవ్వారు. "ఎవుల్నిరా ఉండమంటన్నావు, కలెక్టర్నా?" అంది మా నాయనమ్మ ప్రిస్కిల్లా. ఆవిడ కూడా అక్కడే వడుకుతుందని మీకు తెలుసు. "టపా కోసం సూసినోళ్ళకి మా కాలంలో ఏటనీవోళ్ళం? ఉండండి, వస్తన్నాది, అనీవోళ్ళం."

అదే రాశాను. మెయిల్ చేరకపోతే, లేరు అనకుండా వాళ్ళు పలికినట్టే "ఆ మనిషి అక్కడ నేరు" అని కూడా రాశాను.

నిజం చెప్పొద్దూ, నాకు చిన్నతనం గుర్తొచ్చింది. బడి ఎగ్గొట్టి నాయనమ్మ రాట్నం వెనక దాక్కునేవాణ్ణి. మీరు వరండాలో ఉత్తరాలు చదివే గొంతు వినబడేది. ఎవరి కొడుకో అస్సాం నుంచి రాసినవి. మాటలు అర్థమయ్యేవి కావు, ఆడవాళ్ళు ఎప్పుడు నవ్వితే అప్పుడు నవ్వేవాణ్ణి. మొన్న కూడా అలాగే నవ్వాను. నాకు కోపం రావలసిన సమయంలో అది జరగడం నాకు ఇష్టం లేదు.

అన్నీ రాసి పంపాను. ఒప్పుకున్నారు, సర్వర్‌లో కలిపేశారు కూడా. ఇప్పుడు రుణం తీరింది. మీ నియమం ప్రకారమే తీరింది. కంప్యూటర్ దించమని శనివారంలోగా రాయండి.

స్టాన్లీ

తా.క.: మాటలు ఇచ్చినవాళ్ళ పేర్లు కూడా రాయమన్నారు. ఆ రెండు వందల పేర్ల కింద ఇప్పుడు గున్నమ్మ, ప్రిస్కిల్లా ఉన్నారు. నైట్ ఫాక్స్ పక్కనే.

*

రాజాం,
10 ఆగస్టు 2012

చిరంజీవి స్టాన్లీకి దీవెనలు. నీ ఉత్తరం శైలజ చేత మూడుసార్లు చదివించుకున్నాను. పచ్చగుడ్డ తడిసిందని డాక్టరు చీవాట్లు పెట్టాడు.

రుణం తీరిందన్న మాట ఒప్పుకున్నాను. కానీ ఒక చిక్కు. నీ ఉత్తరం రాకముందే ధనరాజ్ గారికి రమ్మని మాటిచ్చాను. ఇరవై ఏడున వచ్చి కమిటీకి తన మెయిల్ చూపిస్తాడు. పిలిచిన మనిషిని వద్దనడం మర్యాద కాదు. కమిటీ అది చూసి ఏది మేలంటే అది. అంతవరకూ మన సర్వర్‌ని దించితే ఆయన్ని అవమానించినట్టవుతుంది. ఓపిక పట్టు.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: శైలజ. తాతయ్య రాత్రి నిద్రలో "ఉండండి, వస్తన్నాది" అన్నారు. అమ్మమ్మ లేచి తలుపు తీసింది.

*

పొందూరు,
28 ఆగస్టు 2012

మీ ధనరాజ్ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తప్పు మాది కాదని ముందే రాస్తున్నాను.

నిన్న పదకొండింటికి వచ్చాడు. టై కట్టుకున్నాడు. కమిటీ వాళ్ళు లోపల ఇరుగ్గా ఉంటుందని వరండాలోనే కుర్చీలు వేయించారు. రాట్నాలు ఎలాగూ అక్కడే. ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఇది వాళ్ళ సొంత మెయిల్ అనీ, విశాఖలో వాళ్ళ ఇంజనీర్లు రాత్రింబవళ్ళు కూర్చుని తయారు చేశారనీ, ఉచితంగా దొరికేవాటికి పూచీ ఎవరూ ఉండరనీ చెప్పాడు. కమిటీ తలలు ఊపింది. ఒకాయన నా కుర్చీ వైపు చూశాడు. నేను అప్పటికే లేచి నిలబడ్డాను, పొమ్మనేలోగా పోవచ్చని.

"తెలుగులో కూడా ఉంది, చూడండి. కొత్తగా పెట్టాం," అని ల్యాప్‌టాప్ మా వైపు తిప్పాడు. ఇక్కడ నెట్ సంగతి మీకు తెలుసు. తెర మీద ఒక మాట వచ్చి అలాగే నిలబడిపోయింది. ఆయన పైకి చదివాడు. సగం చదివాక గొంతు తగ్గింది.

"ఉండండి... వస్తన్నాది..."

రాట్నాలు ఆగిపోయాయి.

"ఓలమ్మ, అది మన మాటే గదేటి!" అంది మా నాయనమ్మ.

"నలకలున్నాయేటో సూడు బాబూ," అంది గున్నమ్మ.

ఉన్నాయి. కమిటీ అంతా లేచి వచ్చి చూసింది. ఆయన అమ్ముతున్నది అటక మీదున్న మన సర్వరే. పైన తన కంపెనీ బొమ్మ అంటించుకున్నాడు, అంతే. అలా అమ్ముకోవడం నేరం కాదు, ఆ సర్వర్ రాసినవాళ్ళే దానికి అనుమతిచ్చారు. ఆ మాట నేనే కమిటీకి చెప్పాను, ఇష్టం లేకపోయినా. కానీ గున్నమ్మ ఊరుకుందా? "బాబూ, మా మాటలు ఉత్తినే పుచ్చుకున్నావు. మా సంఘం పద్ధతి నీకు తెలీదేమో. మాకేటి పంపుతావు?" అని అడిగింది. కోపంగా కాదు, చుట్టాన్ని అడిగినట్టే అడిగింది. ఆయన టై సర్దుకుని, బస్సుందని చెప్పి, వెళ్ళిపోయాడు. ఆ వేళప్పుడు బస్సు లేదు.

కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. పోతురాజు నిచ్చెనేశాడు. సర్వర్ దిగింది, నడుస్తోంది. నా కుర్చీ ఉంది.

ఇప్పుడు నా సంగతి. ఈ సర్వర్ మనకి ఉత్తినే ఎవరిచ్చారని మీరు రెండు నెలలు ప్రపంచమంతా వెతికించారు. ఊళ్ళు అడిగారు, తండ్రుల పేర్లు అడిగారు, పెళ్ళిళ్ళు అడిగారు. వేసవిలో ఆదివారాలు ఆరాధన అవగానే, అమ్మ అన్నం మీద మూత పెట్టి ఎదురుచూస్తుంటే, ఆఫీసు రేకుల గదిలో చెమట కారుస్తూ దాన్ని ఎక్కించింది ఎవరు? ఎవరూ చెయ్యమనలేదు. నా జీతంలో ఆ పని లేదు. మీ నియమం ప్రకారం అది కూడా ఉత్తినే ఇచ్చిందే. మీరు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

నాకు కండువా రావాలి. నైట్ ఫాక్స్‌కి నేసినదాని మీద పేరు విప్పేసి నా పేరు కుడితే ఒప్పుకోను. సన్ననూలుతో కొత్తగా నేయించాలి. మూల ఎర్రదారంతో స్టాన్లీ, తండ్రి ప్రకాష్, పొందూరు అని ఉండాలి. మీ కంటి గుడ్డ తీసేశారట కనుక ఈసారి జవాబు శైలజ గారి చేత కాదు, మీ చేత్తో మీరే రాయాలి. శుక్రవారం రెండో బస్సు లోపు నాకు అందాలి.

స్టాన్లీ