డిస్క్ లేని డబ్బా

నా పేరు గుండేటి శ్రీలత. భర్త పేరు శేఖర్, క్యాబ్ డ్రైవర్. నా వయసు ఇరవై ఏడు. పుట్టింది పెద్దపల్లి జిల్లాలో, ఉంటున్నది నానక్‌రామ్‌గూడలో, రామన్న గారి బిల్డింగు మూడో అంతస్తులో, కిరాయి గదిలో. ఏడో తరగతి దాకా చదివాను. ఈ కాగితం రాసే సమయానికి నాకు జ్వరం లేదు, మత్తుమందు ఇంకా ఇవ్వలేదు, ఎవరూ పక్కన కూర్చుని చెప్పి రాయించడం లేదు. కోపం మాత్రం ఉంది. ఒళ్లు తెలిసిన కోపమే.

గురువారం నా గుండె వాల్వుకు ఆపరేషన్. భయం లేదని చెబుతూనే దవాఖానలో మూడు కాగితాల మీద నా సంతకం తీసుకున్నారు. నాలుగోది, నా వీలునామా, నేనే రాసుకుంటున్నాను. నేను వంట చేసే ఇంటి మేడం ఉమాశ్రీ గారు సర్కారు ఆఫీసులో పని చేస్తారు. “తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుందమ్మా, ఇద్దరు సాక్షులుంటే చాలు” అన్నారు. ఆమె మాట మీద ధైర్యంగా రాస్తున్నాను.

ఇది రాయడానికి కారణం పోయిన ఆదివారం. మా మరిది నరేందర్ అన్నం తింటూ మా ఆయనతో అన్నాడు: “అన్నా, వదినకు ఏమన్న అయితే ఆ గేమ్ మిషన్ ఎందుకు, తుడిచేసి అమ్మేద్దాం. ఇప్పుడైతే మంచి రేటొస్తది.” నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. అంతా విన్నాను. నేను నలుగురిలో మాట్లాడలేను, పెళ్లయిన ఆరేళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసింది. రాయడానికి మాత్రం నాకు సిగ్గు లేదు. అందుకని నరేందర్‌కు చెప్పవలసింది కూడా ఇందులోనే చెబుతున్నాను.

1. గేమ్ మిషన్, దాని రెండు రిమోట్లు, వైర్లు. ఇవి నా సొంతం. నాలుగేళ్ల కింద ఉమాశ్రీ గారి తమ్ముడు కొత్తది కొనుక్కున్నప్పుడు, దసరాకు చీర కావాలా, ఈ పాత మిషన్ కావాలా అని మేడం నవ్వుతూ అడిగారు. నేను మిషన్ వైపు వేలు చూపించాను. ఆ చీర ధర ఎంతో నాకు తెలుసు, ఆ చీర నేను వదులుకున్నాను, కాబట్టి ఈ మిషన్ దానం కాదు, నా కష్టం. దీన్ని మా బిల్డింగులో నాతో ఆడే నలుగురు ఆడవాళ్లకు కలిపి రాస్తున్నాను. ఆ నలుగురెవరో ఉమాశ్రీ గారికి చెప్పాను. అది వాళ్లలో ఒకరైన లక్ష్మమ్మ అక్క గదిలో ఉండాలి, ఆమె గదికి కిటికీ ఉంది, మిషన్‌కు గాలి కావాలి. అమ్మకూడదు. లోపల దాచిన ఆట తుడవకూడదు. దుమ్ము తుడవవచ్చు.

2. డిస్కులు. నా దగ్గర ఒక్కటి కూడా లేదు కాబట్టి ఎవరికీ ఏమీ రాయడం లేదు. ఎందుకు లేవో తెలియాలి. మేము ఎప్పుడూ కొత్త డిస్కు కొనలేదు. పాతది ఒకటి తెచ్చుకుని, అందరం వంతులవారీగా ఆడి, అయిపోయాక దాన్ని దుకాణంలో ఇచ్చేసి, పైన కొంత కలిపి ఇంకొకటి తెచ్చుకునేవాళ్లం. గుర్రం ఆట పోయి వంతెన ఆట వచ్చింది, వంతెన ఆట పోయి మంచు ఊరి ఆట వచ్చింది. వాటి ఇంగ్లీషు పేర్లు మాకు అక్కర్లేకపోయాయి. మొదటి ఒక్క డిస్కు మీద మూడేళ్లలో పదకొండు ఆటలు ఆడాం. పెద్ద జీతాల వాళ్లు కొని వదిలేసినవి మా దాకా వచ్చేవి. ఏడాది ఆలస్యంగా వచ్చేవి, అంతే. ఆలస్యానికి మాకు బాధ లేదు.

3. దీవి ఆట ఖాళీ డబ్బా. దీన్ని మా మరిది నరేందర్‌కు రాస్తున్నాను. అతను దీన్ని సాక్షుల ముందు తెరిచి, లోపల ఏముందో చూసుకోవాలి.

ఈ డబ్బా కొన్నది ఈ ఏడాది ఉగాదికి. ఒక్కసారైనా అందరికంటే ముందు ఆడాలని ఐదుగురం అనుకున్నాం. నేను ఈ ఆటల సంగతి తెలుసుకున్నప్పుడు కొత్తది నాలుగు వేలుండేది. తర్వాత ఐదు వేలయింది. మేం కొనేనాటికి అయిదు వేల ఆరు వందలు. ఉన్న ఒక్క మంచు ఊరి డిస్కు కూడా దుకాణంలో ఇచ్చేశాం. డబ్బా ఇంటికి తెచ్చి, పసుపు బొట్టు పెట్టి, లక్ష్మమ్మ అక్క చేత తెరిపించాం. లోపల ఒక చిన్న కాగితం, దాని మీద అంకెలు. డిస్కు లేదు. “ఏందే పిల్లా, గింత పైసలు తీస్కొని వాడు డబ్బా ఇచ్చిండా?” అంది అక్క. దుకాణంవాడు మోసం చేశాడనుకున్నాం.

మాలో ఒకరు సరిత, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సెక్యూరిటీ గార్డు. ఆమె యూనిఫారం మీదే దుకాణానికి పోయి అడిగింది: “భయ్యా, బిర్యానీ పార్సిల్ అని చెప్పి ఖాళీ డబ్బా ఇస్తే నువ్వు ఊకుంటవా?” వాడు తిట్టలేదు. “అక్కా, నేనేం జేస్త, పైనుంచే గిట్ల వస్తున్నయ్. జర వెనకాల సదువుకోవాలె” అన్నాడు. డబ్బా వెనకాల చీమంత ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ అంకెలు కొడితే నెట్ మీద ఆట దిగుతుందట, మిషన్‌లో ఎవరి పేరున్న ఖాతాలో కొడితే వాళ్లకే ఉంటుందట. నా ఖాతాలో కొట్టాం. మా ఆయన ఫోన్ నెట్ మీద దిగడానికి పదకొండు రోజులు పట్టింది. ఆయన డ్యూటీకి పోతే ఆగేది, వస్తే మళ్లీ దిగేది.

ఆట బాగుంది. అబద్ధం చెప్పను. కానీ అయిపోయాక దాన్ని ఇచ్చి ఇంకొకటి తెచ్చుకోవడానికి చేతిలో ఏమీ లేదు. పదకొండు ఆటల దారి అక్కడ ఆగిపోయింది.

నరేందర్ అప్పుడు ఇలాంటి ఆటల్లో తప్పులు వెతికే కంపెనీలో పని చేసేవాడు. నాకు నచ్చజెప్పాడు. “వదినా, ఒక్క ఆట చేసేటందుకు వందల మంది ఏండ్లకేండ్లు పని చేస్తరు. మూడు గంటల సినిమాకు ఎంత పెడుతున్నవ్, గిది వంద గంటలు. లెక్క చూస్తే అగ్వనే.” ఆ రోజు తల ఊపాను. ఈ రోజు జవాబు రాస్తున్నాను.

నరేందర్, పని చేసినవాళ్లకు పైసలు రావాలి. నాకంటే ఎక్కువగా ఆ మాట ఎవరికి తెలుసు? గ్యాసు, నూనె పెరిగినప్పుడు నేను కూడా జీతం పెంచమని అడిగాను. నోటితో అడగలేక చీటీ రాసి ఫ్రిజ్ మీద పెట్టాను, ఉమాశ్రీ గారు పెంచారు. కానీ జీతం పెంచమని అడిగి, పప్పులో నీళ్లు పెంచలేదు. మీ వాళ్లు ధర పెంచారు, డిస్కు తీసేశారు. పెంచింది ఎవరి చేతికి వచ్చింది? ధర పెరిగిన ఏడాదే మీ అంతస్తు మొత్తాన్ని పనిలోంచి తీసేశారు. నువ్వు నాలుగు నెలలు మా గదిలోనే ఉన్నావు. నేను అన్నం పెట్టినందుకు ఈ మాట అనడం లేదు. నువ్వు ఎవరి తరఫున వాదించావో గుర్తు చేయడానికి అంటున్నాను.

ఇంకొక మాట కూడా అన్నావు, గేమ్ ఏమన్నా బియ్యమా, కొనకపోతే చస్తరా అని. చావం. పూలు కొనకపోయినా చావరు, పండగకు కొత్త చొక్కా కొనకపోయినా చావరు. నాకు ఏది అక్కర్లేదో తేల్చే పని నేను ఎవరికీ అప్పగించలేదు. ఆఫీసు టవర్లలో నేల తుడిచే వాళ్లు అక్కడివాళ్లు ఆడే ఆట ఆడకూడదని ఏ డబ్బా వెనకా రాసి లేదు, ఎంత చిన్న అక్షరాల్లోనూ లేదు.

అసలు మాట ఇది. మేము కిరాయి మనుషులం, కిరాయికీ అమ్మకానికీ తేడా మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రామన్న గారు ఈ గది కిరాయి రెండుసార్లు పెంచారు. రెండోసారి న్యాయం కాదని ఇప్పటికీ అంటాను. కానీ ఈ గది నాకు అమ్మానని ఆయన ఏనాడూ అనలేదు, అమ్మకం ధర తీసుకుని కిరాయి తాళం ఇవ్వలేదు. ఆయన సాక్షి సంతకం పెట్టేటప్పుడు ఇది చదువుతారు. చదవనివ్వండి. ఆటను కిరాయికి ఇస్తున్నామని చెప్పి కిరాయి అడగండి, ఇస్తాం, లేదంటే మానుకుంటాం. అమ్ముతున్నామని చెప్పి అయిదు వేల ఆరు వందలు తీసుకుంటే, అది నాది. నాదైతే, నా వీలునామాలో రాస్తాను.

4. అత్తమ్మ రాజమ్మకు నా ఐదు లీటర్ల కుక్కర్, నా ఎర్ర శాలువా. ఈ గేమ్ మిషన్ వచ్చిన కొత్తలో ఆమె ఊరంతా వినేలా అంది: “మా ఇంటికి కోడలొచ్చిందా, చిన్నపోరడొచ్చిందా?” ఆ మాట నేను మరిచిపోలేదు. కానీ జూన్‌లో కంటి ఆపరేషన్‌కు వచ్చి మా గదిలో పది రోజులున్నప్పుడు, నల్ల అద్దాలు పెట్టుకుని దీవి ఆటలో చేపలు పట్టింది. “అరే, ఎంత గుంజుతుందే గీ చేప” అని మంచం మీద నుంచి లేచి నిలబడింది. అరవై ఏడు చేపలు పట్టింది, అవి ఇంకా గంపలోనే ఉన్నాయి, నేను అమ్మలేదు. కాబట్టి శాలువా కూడా ఇస్తున్నాను. లేకపోతే కుక్కర్ ఒక్కటే ఇచ్చేదాన్ని.

5. సరితకు నా వెండి పట్టీలు. ఆమె రాత్రి డ్యూటీ చేసి, నిద్ర మానుకుని మధ్యాహ్నం ఆటకు వస్తుంది. నిద్రపోవాలి. ఇది షరతు కాదు, మాట. లక్ష్మమ్మ అక్కకు నా కుట్టు మిషన్. ఆమె ఇరవై ఏళ్లుగా ఆఫీసుల్లో నేల తుడుస్తోంది, సొంత ఇల్లు లేదు. దీవిలో ఏడు నెలలు కష్టపడి రెండంతస్తుల ఇల్లు కట్టింది, గేటు పెట్టింది, రోజూ వచ్చి గేటు తీసి మూసి చూసుకుంటుంది. గేమ్ మిషన్ తుడిచి అమ్మితే తుడిచిపెట్టుకుపోయేది ఆ ఇల్లే. నరేందర్‌కు ఇది తెలియదు, ఎందుకంటే అతను ధర అడిగాడు గానీ, ఎవరు ఆడుతున్నారని అడగలేదు.

6. నా భర్త శేఖర్‌కు నా పుస్తెలు, బ్యాంకులో ఉన్నది ఎంతైతే అంత, గుమ్మం పక్కన ఉన్న తులసి కుండీ. ఆయన ఎప్పుడూ ఆడలేదు. డ్యూటీ నుంచి వచ్చి, గోడకు ఆనుకుని, “నువ్వు ఆడు, నేను చూస్త” అనేవాడు. చూస్తూ నిద్రపోయేవాడు. నేను ఆట ఆపితే లేచేవాడు. అందుకని ఒక్కోసారి ఆడటం ఇష్టం లేకపోయినా ఆడాను. ఈ సంగతి ఆయనకు తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవాలి. వచ్చే ఆమెకు కూడా ఆటలో వంతు ఇవ్వాలి. నా దీవి మీద మాత్రం ఆడకూడదు. తనకు తాను కొత్తది మొదలుపెట్టుకోవాలి.

7. ఖాతా. దీవి ఆట ఉన్నది నా ఖాతాలో. అది లేకపోతే ఆ మిషన్ ఉత్త డబ్బా. ఆ ఖాతా ఎవరికీ ఇవ్వరాదని, నాతోనే ముగిసిపోతుందని కంపెనీ నియమాల్లో ఉందట, నరేందర్ చదివి తెలుగులో చెప్పాడు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవీ లేవు. కానీ ఆ అంకెలు కొట్టిన రోజు ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ ఒకటి నొక్కాను. ఇంగ్లీషులో నలభై పేజీలు, నొక్కకపోతే ఆట దిగదు. అలా తీసుకున్న ఆ అంగీకారాన్ని నేను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. చెల్లదని ఉమాశ్రీ గారు చెప్పారు. అయినా రద్దు చేస్తున్నాను. ఖాతాను పై నలుగురికీ రాస్తున్నాను. పాస్‌వర్డ్ సరితకు తెలుసు.

8. ఇవన్నీ జరిపించే బాధ్యత ఉమాశ్రీ గారిది, ఆమె ఒప్పుకున్నారు. నేను బతికి వస్తే ఈ కాగితం చింపేయమన్నారు. చింపను. నరేందర్‌ను కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా నా నోటితో చదువుతాను.

నేను రాకపోతే, ఎప్పుడైనా కంపెనీ నుంచి ఎవరైనా ఆ ఖాతా ఎవరిదని అడిగితే, లక్ష్మమ్మ అక్క గానీ, సరిత గానీ, ఎవరు రిమోట్ పట్టుకుని ఉంటే వాళ్లు ఇలా చెప్పాలి: శ్రీలతది. ఆమెను పిలవమంటే, ఆమె కొత్తవాళ్లతో మాట్లాడదు, ఆడుతోంది అని చెప్పాలి.

తేదీ 18 నవంబర్ 2025, మంగళవారం, నానక్‌రామ్‌గూడ.

సంతకం: గుండేటి శ్రీలత

మా కళ్ల ముందే శ్రీలత సంతకం చేయగా, ఆమె కళ్ల ముందే మేము సంతకాలు చేశాము:

1. రామన్న, బిల్డింగు యజమాని (పూర్తిగా చదివాను)
2. హేమంత్, మందుల దుకాణం, నానక్‌రామ్‌గూడ