రూతక్క పాట ఆగిన చోట

అక్కా, బాగున్నావా... ఈ మాట నిన్ను అడగకూడదని తెలుసు. అలవాటు పోవడం లేదు. నిన్ను పడుకోబెట్టిన పెట్టె ఊరికి విమానం ఎక్కి రేపటికి తొమ్మిది నెలలు.

ముందు నువ్వు ఎదురుచూసిన కబురు చెబుతాను. దేశాల పాటల పోటీకి మనవాళ్ళు మళ్ళీ వచ్చారు. పదకొండేళ్ళ తర్వాత... ఈ గల్ఫు దేశంలోనే, సాల్మియాలో అదే హాలు. ఫిలిప్పీన్స్, శ్రీలంక, నేపాల్, ఇథియోపియా జెండాల పక్కన మనదీ పెట్టారు.

ఆఖరిసారి జరిగింది నువ్వెలా మర్చిపోతావు? ఏ భాషలో పాడాలో తేలక మన పెద్దమనుషులు పోట్లాడుకుని, పోటీ రోజునే తప్పుకున్నారు. ఇండియా అని మూడుసార్లు పిలిచారు. నువ్వు ఇస్త్రీ చేసుకున్న తెల్లచీరలో పక్కగుమ్మం దగ్గరే నిలబడి ఉన్నావు. "ఏ బాసైతే ఏంటే, నోరు తెరవనిత్తే కదా" అన్నావు తిరిగొస్తూ బస్సులో. ఆ తర్వాత ఏటా అదే ప్రశ్న... "ఈ ఏడన్నా ఎల్తారంటావా?"

ఈ ఏడు వెళ్ళారక్కా. నీ పాటతోనే వెళ్ళారు. నువ్వు లేకుండా, నీ పేరు లేకుండా.

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. అబ్బాసియాలో మన దేశం కమిటీవాళ్ళు మంచి పాట కావాలని వెతుకుతున్నారని తెలిసి, నువ్వు ఫోనులో పాడి పంపిన పాట నేనే ఇచ్చాను. రూతక్క కట్టిన పాట, వంటింట్లో కట్టింది, ఇళ్ళలో పనిచేసే మేము పదిమందిమి పాడతాం అని చెప్పాను. పాట చాలా బాగుందన్నారు. రోజూ సాయంత్రం సాధనకు రావాలన్నారు. రోజూ సాయంత్రం మనల్ని ఏ ఇంటి యజమానురాలు, ఏ మామా వదులుతుంది? మనం సాధన ఎలా చేసేవాళ్ళమో చెప్పాను... ఒకరు గిన్నెలు తోముతూ ఒక చరణం పాడి పంపితే, ఇంకొకరు బట్టలు ఆరేస్తూ విని, రెండోది పాడి పంపడం. కమిటీ పెద్దాయన నవ్వాడు. ఇది దేశం పరువు, వంటింటి వ్యవహారం కాదమ్మా అన్నాడు. మరి ఆ పాట ఎక్కడ పుట్టింది?

మా మామాని వారం రోజులు బతిమాలి, పోటీ చూడ్డానికి శుక్రవారం సెలవు తీసుకున్నాను. చివరి వరసలో కూర్చున్నాను. ఆఫీసు ఉద్యోగస్తుల ఆడపిల్లలు ఎనిమిదిమంది పట్టుచీరల్లో వచ్చారు. బాగానే పాడారు, అబద్ధం చెప్పను. పిల్లల మీద నాకేమీ కోపం లేదు. కానీ "ఖలాస్" అన్న నీ మాట తీసేశారు. మర్యాదగా లేదట. పని అయిపోయిందా అంటూ రోజుకు వందసార్లు మనం వినే మాట, పాటలో ఉంటే మర్యాద పోయిందట.

ఇంకొకటి విను. "గిన్నె తోమితే కనపడే మొగమా, ఎవరింటి దానివే..." అన్నచోట పిల్లలందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. రెండు క్షణాలు. తర్వాత "నువ్వు" అని అందుకున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. పాటలో అక్కడ ఆగడం లేదు కదా అక్కా! నువ్వు పాట పాడి పంపిన రోజు మేడ మీంచి మీ మామా పిలిస్తే, నువ్వు ఫోను మీద చెయ్యి అడ్డంపెట్టి పలికి, మళ్ళీ అందుకున్నావు. వాళ్ళు దాన్ని కూడా నేర్చుకున్నారు. తాళం కుదిర్చి మరీ నేర్చుకున్నారు.

న్యాయనిర్ణేత ఆ నిశ్శబ్దాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. పరాయి దేశంలో ఉన్న మనిషి గుండె అక్కడ వినపడిందట. హాలంతా చప్పట్లు. ఎవరి గుండె? బెల్లు మోగితే ఉలిక్కిపడే మన గుండె గురించి ఆయనకేం తెలుసు?

రెండో బహుమతి వచ్చింది. పాట ఎవరిదని అడిగితే, కట్టినవారి పేరు తెలియని పల్లెపాట అని మైకులో చెప్పారు. పేరు తెలియదా? నేను చెప్పలేదా? లేచి అరవాలనుకున్నాను... కూర్చుండిపోయాను. నువ్వైతే ఏమనేదానివి? "లెగవే సుగుణా, నీ నోరేమన్నా తాకట్టు పెట్టావా" అనేదానివి.

బయటకొచ్చాక పెద్దాయన్ని పట్టుకుని అడిగాను. దేశం పోటీకి తిరిగొచ్చింది, సంతోషించక చిన్న విషయం పట్టుకుంటావేమిటన్నాడు. చిన్న విషయమట అక్కా, నీ పేరు.

ఆ రాత్రికి ఏడ్చి ఊరుకుని ఉంటే నీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. నిన్న మధ్యాహ్నం గిన్నెల దగ్గర ఫోను నిలబెట్టి పాట మొత్తం పాడాను. మొదట నీ పేరు చెప్పాను, తర్వాత మీ ఊరి పేరు. ఖలాస్ కూడా పాడాను. "ఎవరింటి దానివే" దగ్గరికి వచ్చేసరికి, చూడు విచిత్రం, మా మామా పిలిచింది. చెయ్యి ఫోను మీదికి పోబోయింది... ఆపేసుకున్నాను. రెండోసారి గట్టిగా పిలిచింది. చివరి ముక్క దాకా పాడి, అప్పుడు వెళ్ళాను. తిట్లు తిన్నాను.

మామా పిలుపులు రెండూ అందులో వినిపిస్తున్నాయి. తీసేయలేదు. మన పదిమందికీ అలాగే పంపాను. మహబూలా నుంచి ఒకరు, సాల్మియా నుంచి ఇద్దరు అప్పుడే పాడి తిరిగి పంపారు. అందరూ ముందు నీ పేరే చెప్పారు.

వచ్చే ఏడు మళ్ళీ ఆ పాటే పాడతారట. నేనూ వెళ్తాను. వాళ్ళు ఆగిన చోట లేచి నిలబడి నీ పేరు చెబుతాను. రెండు క్షణాలు చాలు.

నీ సుగుణ