మా ఆయన ముక్కు

2024 ఆగస్టు 9, శుక్రవారం

గద్వాల దవాఖాన నుంచి ఈ సాయంత్రమే ఇంటికొచ్చాం. ఆయన పడుకున్నాక ఇది రాస్తున్నాను.

నాలుగు రోజుల కింద, విత్తనాల కోసం పెంచే సీడు పత్తికి మందు కొడుతుంటే పంపు మూత దగ్గర కారి మా ఆయన శంకర్ వీపంతా తడిసింది. పొలం గట్టున నిలబడ్డ నేనే ఆ ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వీపు మీద మోస్తున్న మనిషికి తెలియలేదు. నేను అరుస్తూ పరుగెత్తేసరికి సాలు చివరికి వెళ్లిపోయాడు. ఇల్లు చేరేలోపే వాంతులు, చెమటలు, కళ్లు తేలేశాడు. అయిపోయింది అనుకున్నాను.

అంత ఘాటు ఎలా తెలియలేదని డాక్టర్ అడిగాడు. వాసన రాక ఏండ్లయింది సార్ అన్నాడు మా ఆయన, అదేదో బిరుదు అయినట్టు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, తుమ్ములు, ముక్కు దిబ్బడ. నాకేమో వీధి చివర ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలిసిపోతుంది. బాగానే కుదిరాం ఇద్దరం.

ముక్కు డాక్టరమ్మ చూసి అలర్జీ అంది. స్టెరాయిడ్ స్ప్రే రాసింది. రోజూ పొద్దున ఒక్కో ముక్కులో రెండుసార్లు, అంతే. ఎక్కువ కొట్టొద్దు, ఒకరి బాటిల్ ఇంకొకరు వాడొద్దు, గుణం కనపడటానికి వారం రెండు వారాలు పట్టొచ్చు, ఓపిక పట్టండి అంది. వాసన తిరిగొస్తుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేనంది.

ఆగస్టు 11

అప్పుడే విసుగు. పురుగు మందు కొడితే తెల్లారేసరికి పురుగు రాలుతుంది, ఇదేం మందు అని నాలుగైదుసార్లు నొక్కుకున్నాడు. పురుగు చావకపోతే డోసు పెంచడం తప్ప మా ఊరికి ఇంకో విద్య రాదు. బాగా పోట్లాడుకున్నాం.

ఆగస్టు 14

తుమ్ములు. తుమ్ములు. తుమ్ములు.

ఆగస్టు 17, సాయంత్రం

రక్తం.

స్ప్రే మొన దగ్గర మందు ఎండి పూడుకుపోయిందట. పంపు నాజిల్ పూడుకుంటే ఏం చేస్తాడో అదే చేశాడు. నా పిన్నీసు తీసుకుని రంధ్రంలో పెట్టి తిప్పాడు. రంధ్రం పెద్దదైంది. మంచులా పడాల్సిన మందు ధారగా, నేరుగా ముక్కు మధ్య గోడకు తగిలింది. రోజూ మంట పుడుతున్నా నాకు చెప్పలేదు.

పొద్దున పువ్వుకు పువ్వు అద్దే క్రాసింగు పనిలో ఉన్నాం. పడుకోమంటే వినకుండా వచ్చాడు. వంగిన మనిషి చేతిలో ఉన్న తెల్ల పువ్వు మీద ఎర్ర చుక్క పడింది. తర్వాత ఆగలేదు. తల వెనక్కి వంచమని అందరూ అరిచారు. నేను ముందుకే వంచి, ముక్కు మెత్తగా ఉండేచోట గట్టిగా పట్టుకున్నాను. ఆగేసరికి నా చెయ్యి మొద్దుబారింది.

స్టెరాయిడ్ అంటే ఎముకలు గుల్లవుతాయని అయిజ సంతలో ఎవరో చెప్పారట మా అత్త బాలమ్మకు. "నా కొడుకును పురుగు మందు సంపకుంటే, నీ ముక్కు మందు సంపుతది ఉషా" అంది. నాకు కోపం రాలేదు. నాకూ అదే భయం.

ఆగస్టు 18

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. పిన్నీసు మాట వినగానే పిన్నీసా అని రెండుసార్లు అడిగింది. ఆ బాటిల్ పారేయమంది. మొన పూడుకుంటే ఊడదీసి గోరువెచ్చని నీళ్లలో కడగాలి, సూది తగలనివ్వకూడదు. ఇప్పుడు స్ప్రే ఆపి, వచ్చి చూపించమంది.

ఎముకల సంగతీ అడిగాను. రాసిన డోసులో వాడితే ముక్కులోనే పనిచేస్తుంది, ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. సొంతంగా పెంచి నెలల తరబడి కొట్టుకుంటే మాత్రం ఆ మాట నేను చెప్పలేను అంది. అత్తమ్మకు స్పీకర్‌లో వినిపించాను. నమ్మలేదు గానీ ఏడుపు ఆపింది.

ఆగస్టు 23

డాక్టరమ్మకు చూపించాం. ముక్కు మధ్య గోడకు పుండు పడింది, చిల్లు పడలేదు. మానాక మళ్లీ మొదలుపెట్టమంది. కొత్త బాటిల్ తెచ్చాం.

తెల్లదోమకు కొత్త మందు డబ్బాలు కూడా తెచ్చాడు. వస్తూనే ఎప్పటిలాగే మంచం కింద సర్దాడు. మాస్కు కట్టుకుంటేనే చేనుకు పో అన్నాను.

"వాసనే రానోనికి మాస్కెందుకే?"

చావు దాకా పోయొచ్చిన నోటితో మళ్లీ అదే మాట. దొడ్లోకి పోయి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని పక్క చేను పాల్‌ను పిలిచి, ఈసారి మందు నువ్వు కొట్టిపెట్టు అని బతిమాలాను. ఈయన రెండు రోజులు నాతో మాట్లాడడు. మాట్లాడకపోతే మానె.

ఆగస్టు 30

మళ్లీ మొదలు. ఇప్పుడు దగ్గరుండి నేనే కొట్టిస్తున్నాను. ముక్కు చీదాలి. బాటిల్ ఊపాలి. తల కాస్త కిందికి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో. అలా పట్టుకుంటే మొన మధ్య గోడకు కాకుండా చెవి వైపు తిరుగుతుంది. మెల్లగా పీల్చాలి, ఎగబీలిస్తే గొంతులోకి పోతుంది. రెండోది అయ్యాక ఇంకొక్కటి అన్నట్టు చూస్తాడు. నేనూ చూస్తాను. బాటిల్ ఇచ్చేస్తాడు.

ఇంట్లో పిన్నీసులన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టాను.

సెప్టెంబరు 8

పోపు మాడుతోందని వాకిట్లోంచి కేకేశాడు. నిజంగానే మాడుతోంది. పొయ్యి ఆపకుండా అక్కడే నిలబడి ఏడ్చాను.

సెప్టెంబరు 14, తెల్లవారుజామున

లేపాడు. ఇల్లంతా పురుగు మందు వాసన అంటాడు. మంచం కింది డబ్బాలన్నీ బయటికి మోశాడు. మాస్కు ఎక్కడ పెట్టావని అడిగాడు. మళ్లీ వచ్చి దిండు ఎత్తి నా ముందు పట్టాడు.

"దీంట్ల గూడ ఉంది. గిన్నేండ్లు గిట్లనే పండుకున్నమా?"

దిండుకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాను.

వీధి చివర ఎవరో పొయ్యి రాజేసిన పొగ తెలుస్తోంది. దిండులోంచి మాత్రం నాకేమీ రాలేదు.