నురగ లేని కాఫీ

స్టామాటిస్, వోలోస్ ఊరెళ్లే బస్సుకు పరుగెడుతున్నాను. సాయంత్రం అత్తయ్యకు కాఫీ నువ్వే పెట్టు, కానీ బాగా పెట్టకు. పొంగనిచ్చి నురగంతా పోగొట్టు. "లేస్తావా అమ్మా?" అని అడగకు, అడిగితే వద్దంటారు.

ఈ మతిమరుపు జబ్బులో దేనిమీదా ఆసక్తి ఉండదనీ, ఇక తనంతట తాను కుర్చీలోంచి లేవరనీ డాక్టరన్నారు కదా. నిన్న నా కాఫీ పొంగిపోతే ఆవిడే లేచి వంటింట్లోకి నడిచొచ్చారు. "నురగ లేని కాఫీ ఇస్తే వీధిలో తలెత్తుకోగలనా? తప్పుకో పిల్లా" అంటూ గిన్నె లాక్కున్నారు. పెళ్లయ్యాక ఆవిడ నన్ను తిట్టడం ఇదే మొదటిసారి. నవ్వాపుకోలేక చెంచా జారవిడిచాను.

పొయ్యి దగ్గర పక్కనే ఉండు. ఆవిడ నడకను కొలిచే చేతిపట్టీ తీయనివ్వకు, డాక్టరుకు చూపించాలి.

నీ లెమోనియా

మరిచాను, నిన్న ఆవిడ కాఫీలో పంచదార బదులు ఉప్పు వేశారు. నేను మొత్తం తాగేశాను. ఇవాళా అలాగే వేస్తే నువ్వూ తాగి, బాగుందని చెప్పు.